నీళ్ల విరేచనాలు, బీపీ బిళ్ళ, ఒక పెద్దాయన కిడ్నీలు: విశాఖ నుంచి ఒక కేసు

2025 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున పదకొండున్నరకి కొడుకూ, పక్కింటి కుర్రాడూ కలిసి ఆటోలోంచి దాదాపు మోసుకొచ్చిన పెద్దాయన కేసు ఇది. మాది మర్రిపాలెం వైపు ఆరు మంచాల చిన్న క్లినిక్. ఇంట్లోవాళ్లను అడిగే రాస్తున్నాను, వయసూ, వీధీ కాస్త మార్చాను. నా తప్పు కూడా ఒకటి ఉంది ఇందులో, అది మార్చలేదు.

ఆయనకి 61 ఏళ్లు. పోర్టులో కళాసీగా చేసి దిగిపోయారు. తొమ్మిదేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ. బరువు 64 కిలోలు. రాత్రి రెండింటికి కడుపులో గుడగుడతో మొదలై, మా దగ్గరికి వచ్చేసరికి పద్నాలుగో పదిహేనో విరేచనాలు, ఐదు వాంతులు. జ్వరం లేదు, రక్తం లేదు, జిగట లేదు, కడుపునొప్పి కూడా పెద్దగా లేదు. "గంజి వార్చినట్టు పోతంది బాబూ, వాసన కూడా లేదు" అని ఆయన భార్య చెప్పారు. చదువు లేని మనిషి ఒక్క ముక్కలో చెప్పిన ఆ వర్ణన కోసం మా పాఠ్యపుస్తకాల్లో సగం పేజీ ఖర్చుపెడతారు.

కారణం కూడా వాళ్లే తేల్చేసుకుని వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం గాజువాకలో కూతురింట్లో భోజనం, రొయ్యల కూర. ఆ రొయ్యలు అల్లుడు తెచ్చాడు. కాబట్టి కేసు క్లోజ్.

వాంతులు, విరేచనాలతో వచ్చే ప్రతి ఇంటిదీ ఇదే వరస, ఆఖరున తిన్నదాని మీద నేరం మోపేస్తారు. మేం మాత్రం గడియారం చూస్తాం. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా విషం పడిన తిండి తింటే ఒకటి నుంచి ఆరు గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పొద్దున వండి బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా కూడా అంతే వేగం. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు కావాలి, రోటావైరస్‌కి రెండు రోజులు అటూ ఇటూ. సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి మూడు రోజులు, షిగెల్లాకి ఒకటి నుంచి మూడు రోజులు, కలరాకి కొన్ని గంటల నుంచి ఐదు రోజుల దాకా ఎంతైనా పట్టొచ్చు. జియార్డియా అయితే వారం పది రోజుల కిందట తాగిన నీళ్ల లెక్క ఇప్పుడు తేలుస్తుంది. అంటే ఈ రోజు విరేచనాలైతే మొన్నా, అటు మొన్నా ఏం తాగారో కూడా అడగాలి.

అడిగాను. అప్పుడు బయటపడిన విషయం, కొడుకు కూతురికి, పద్నాలుగు నెలల పాపకి, శనివారం సాయంత్రం నుంచే నీళ్ల విరేచనాలు. అందుకే కోడలు ఆదివారం భోజనానికి వెళ్లకుండా పాపతో ఇంట్లోనే ఉండిపోయింది. పాప రొయ్యలు తినలేదు, తినే వయసూ కాదు. గాజువాకలో అదే కూర తిన్న తొమ్మిది మందిలో ఈయన తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. మరి పాపకీ, తాతకీ ఇద్దరికీ అందేది ఆ ఇంట్లో ఏముంది? వంటగదిలో గట్టు మీద పెట్టిన బిందె.

నీళ్ల సంగతికి మళ్లీ వస్తాను, ముందు మనిషిని చూద్దాం.

కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండి గరుకుగా ఉంది, అరచేతులు చల్లగా, నీళ్లలో ఎక్కువసేపు నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే గుడారంలా నిలబడి, మెల్లగా, రెండు సెకన్ల పైనే తీసుకుని దిగింది. నాడి 124, అదీ దారంలా. బీపీ 80/50. ఊపిరి నిమిషానికి 26. రాత్రి రెండు తర్వాత మూత్రం లేదు. పిలిస్తే పలుకుతున్నారు గానీ, మాట మధ్యలో కళ్లు మూసుకుపోతున్నాయి. షుగరు 212. ఇది తీవ్రమైన డీహైడ్రేషన్. ఇందులో ఏ క్రిమి అనే ప్రశ్నకి మొదటి నాలుగు గంటల్లో చోటు లేదు. ఏ క్రిమి అయినా మొదటి మందు ఒకటే, పోయిన నీళ్లూ ఉప్పూ వెనక్కి పొయ్యడం.

ఇక ఇంటి దగ్గర జరిగిన వైద్యం. కొడుకు తెచ్చిన క్యారీబ్యాగ్ బల్ల మీద బోర్లించమన్నాను. మందుల కేసుల్లో నాకు ఇదే అలవాటు, నోటితో అడిగితే "మామూలు మాత్రలేనండి" అంటారు, సంచి బోర్లిస్తే కథంతా రాలుతుంది. తెల్లవారుజామున మెడికల్ షాపులో ఇచ్చిన ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ అనే యాంటీబయాటిక్ కాంబినేషన్, అందులో రెండు బిళ్ళలు ఖాళీ. మోషన్లు ఆగే లోపెరమైడ్, నాలుగు ఖాళీ. పిక్కలు పట్టేసి మెలితిప్పుతున్నాయని డైక్లోఫెనాక్, రెండు ఖాళీ. ఓఆర్‌ఎస్ అనుకుని కొన్న నాలుగు టెట్రాప్యాకులు, యాపిల్ రుచి, మూడు తాగేశారు. అడుగున ఆయన రోజూ వేసుకునే స్ట్రిప్పులు: షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టన్–హైడ్రోక్లోరోథయజైడ్. బీపీ స్ట్రిప్పు మీద పొద్దుటి బిళ్ళ గుంట ఖాళీగా ఉంది. వేశారా అని అడిగాను. "బీపీ మందు ఒక్క పూట కూడా మానొద్దని తమరే కదా చెప్పారు" అన్నారామె. నిజమే, నేనే చెప్పాను, ప్రతి మూడు నెలలకీ చెబుతాను.

ఈ కేసులో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ ఖాళీ గుంట గురించే.

ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తనను తాను కాపాడుకునే పద్ధతి ఒకటుంది. కిడ్నీలోని జల్లెడకి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, బయటికి తీసుకుపోయేది ఒకటి. రక్తం తక్కువగా వస్తుంటే తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుంటుంది, పోయే నాళాన్ని బిగిస్తుంది, అలా జల్లెడలో ఒత్తిడి పడిపోకుండా నిలబెట్టుకుంటుంది. టెల్మిసార్టన్ లాంటి మందులు (రామిప్రిల్, లోసార్టన్ కూడా ఇదే కోవ) ఆ బిగింపుని వదులు చేస్తాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు తెచ్చే నాళాన్ని వెడల్పు కానివ్వవు. ఇక హైడ్రోక్లోరోథయజైడ్ పనే నీళ్లూ ఉప్పూ మూత్రంలో బయటికి తోసెయ్యడం. మామూలు రోజుల్లో బీపీ మందులు మేలు చేసేవే, అందుకే రాస్తాం. మనిషి నిమిష నిమిషానికీ ఎండిపోతున్న రోజున మూడూ ఒకేసారి కడుపులో పడితే కిడ్నీకి ఆ రెండు కిటుకులూ పోతాయి, పైన ఇంకా నీళ్లు ఖాళీ అవుతాయి. కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు. ఆయనది జూన్‌లో మా దగ్గరే చూసింది 1.0. ఆ సోమవారం 3.4. యూరియా కూడా పెరిగి 98. సోడియం 131, పొటాషియం 3.1, రక్తంలో యాసిడ్‌ని అదుపులో ఉంచే బైకార్బొనేట్ 13, ఈ మూడూ తక్కువ.

మెట్‌ఫార్మిన్ గొడవ వేరు. కిడ్నీ పని తగ్గితే అది ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగే ప్రమాదం ఉంది. ఈ మధ్య బాగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మందులు వాడేవాళ్లకి విరేచనాలూ, ఉపవాసమూ కలిసొస్తే షుగరు పెద్దగా పెరగకుండానే కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) పెరిగి మీదకి రావచ్చు, గ్లూకోమీటర్ చూసి బాగానే ఉందనుకుంటారు. ఈయన అవి వాడటం లేదు, అంతవరకు నయం.

రెండు చేతులకీ ఆకుపచ్చ కాన్యులాలు (నరంలోకి ద్రవం ఎక్కించే గొట్టాలు) పెట్టాం. విశాఖలో "సెలైన్ ఎక్కించండి" అని అడగని పేషెంటు ఉండడు, తలనొప్పికి కూడా అడుగుతారు, నేను పది మందిలో తొమ్మిది మందికి వద్దంటాను. ఈయన ఆ పదో మనిషి. సెలైన్ కంటే రింగర్ లాక్టేట్ మేలు, అందులో కాస్త పొటాషియం ఉంటుంది, లాక్టేట్ ఒంట్లో బైకార్బొనేట్‌గా మారుతుంది. డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం పెద్దవాళ్లకి ఈ దశలో కిలోకి 100 మి.లీ.: మొదటి అరగంటలో 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70. 64 కిలోలకి 6.4 లీటర్లు. వింటే భయమేస్తుంది, షుగరూ బీపీ ఉన్న 61 ఏళ్ల మనిషికి మూడు గంటల్లో ఆరు లీటర్లా అని. అందుకే మొదటి రెండు లీటర్లు, అంటే నాలుగు బాటిళ్లు, అరగంటలో పిండినట్టు పోసి, ఆగి, ఛాతీ అడుగున స్టెతస్కోప్ పెట్టి విని, మెడ నరాలు చూసి, తర్వాత మూడున్నర గంటల్లో ఇంకో మూడు లీటర్లు ఇచ్చాను. నాలుగు బాటిళ్లయ్యాక బీపీ 96/60, నాడి 112. కళ్లు తెరిచి "టీ ఇప్పించండి" అన్నారు. టీ ఇవ్వలేదు.

వాంతికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చే ముందు ఈసీజీ తీశాం. అప్పటికే ఆఫ్లాక్సాసిన్ పడింది, పొటాషియం తక్కువ, మూడూ కలిస్తే గుండె లయ చెదరొచ్చు. ఈసీజీ బాగానే ఉంది. లోపెరమైడ్ ఆపించేశాను. జ్వరం, రక్తం, జిగట ఉన్న విరేచనాల్లో అది ప్రమాదం, పిల్లలకి అసలే వద్దు. ఇలాంటి కలరా తరహా కేసులో పేగులోకి ఊరే నీరు ఊరుతూనే ఉంటుంది, బయటికి రాదు, పొట్ట ఉబ్బుతుంది, మనం తగ్గిందనుకుంటాం. లెక్క కోసం మంచం కింద గీతలున్న ప్లాస్టిక్ బకెట్ పెట్టాం. ఎంత పోతే అంత పొయ్యాలి, దానికి మించిన సైన్సు ఈ జబ్బులో పెద్దగా లేదు.

ఒంటిగంటకి వాంతులు తగ్గగానే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాం. టెట్రాప్యాక్ పక్కన పెట్టి ప్యాకెట్ పొడి ఎందుకో కొడుక్కి చెప్పాల్సి వచ్చింది, ఇక్కడా చెబుతాను. పేగు గోడలో ఒక దారి ఉంది, సోడియమూ గ్లూకోజూ జంటగా వస్తేనే లోపలికి వదులుతుంది, వాటి వెంట నీళ్లు వెళతాయి. కలరా విషం పేగుని ఎంత పాడుచేసినా ఈ దారిని మాత్రం మూయలేదు. అందుకే ప్యాకెట్‌లో లీటరుకి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు 75 మిల్లీమోల్స్, సరిసమానంగా ఉంటాయి. పళ్ల రుచి డ్రింకుల్లో చక్కెర బోలెడు, ఉప్పు నామమాత్రం. ఆ చక్కెర పేగులోనే ఉండి ఒంట్లోని నీళ్లని బయటికి లాగుతుంది, మోషన్లు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి దీని మీద పోరాడితే, చివరికి 2025 అక్టోబరులో, అంటే మా కేసు తర్వాత రెండు నెలలకి, అలాంటి డ్రింకుల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కొబ్బరి బొండాం గురించీ అడుగుతారు. తాగొచ్చు, పొటాషియం బాగా ఉంటుంది, కానీ సోడియం తక్కువ, పది మోషన్లయిన మనిషికి అదొక్కటే చాలదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఆ పొటాషియమే ఎక్కువైపోవచ్చు కూడా.

ఈ ఉప్పూ చక్కెరా నీళ్ల బలం లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులకి బంగావ్ శిబిరంలో కలరా చుట్టుకుని, సెలైన్ బాటిళ్లు అయిపోతుంటే, దిలీప్ మహలనబిస్ అనే కలకత్తా డాక్టరు డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపించి, కప్పులతో పేషెంట్ల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగాయి. 2022లో పోయారాయన, ఆ మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

సాయంత్రం నాలుగింటికి మొదటి మూత్రం, 60 మి.లీ., టీ డికాక్షన్ రంగులో. మా సిస్టర్ ఆ కొలగ్లాసు ఎత్తి చూపించిన తీరు చూస్తే ఏదో కప్పు గెలిచినట్టుంది. మూత్రం వచ్చాకే పొటాషియం విడిగా బాటిల్‌లో కలిపాం, రాకముందు కలపకూడదు. డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. ఒకే మోతాదు ఇచ్చాం. కలరా అనుమానం ఉండి, డీహైడ్రేషన్ తీవ్రంగా ఉంటే యాంటీబయాటిక్ పనికొస్తుంది, విరేచనాల పరిమాణమూ, రోజులూ తగ్గిస్తుంది. మిగతా నీళ్ల విరేచనాల్లో చాలావాటికి అక్కర్లేదు. ఏ క్రిమో ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకి మలం నమూనా పంపాం.

ఈలోగా పాప. కోడలు ఎత్తుకొచ్చింది. 8.6 కిలోలు, కళ్లు కొంచెం లోపలికి, ఏడుస్తోంది గానీ కన్నీళ్లు తక్కువ, గ్లాసు చూస్తే రెండు చేతులూ చాపి లాక్కుంటోంది. దాహంతో అలా ఆత్రపడే పాప మనకి ఒక రకంగా శుభవార్తే; తాగలేక మగతగా వాలిపోయే పాప అయితే వెంటనే నరంలోంచి ఎక్కించాలి. పాపది మధ్యస్థ దశ, దీనికి కిలోకి 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్. 645 మి.లీ. కోడలు హడలిపోయింది, "పాలే తాగట్లేదండి, ముప్పావు లీటరు ఎలా తాగుద్ది" అని. లెక్క కట్టి చూపించాను. చెంచాకి 5 మి.లీ., 129 చెంచాలు, రెండు నిమిషాలకి ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుందా అమ్మాయి. మొదటి గంటలో రెండుసార్లు కక్కేసింది పాప. కక్కితే పది నిమిషాలు ఆగి, ఈసారి మూడు నిమిషాలకి ఒక చెంచా. సిస్టర్ ఇచ్చిన కాగితం మీద ఐదు చెంచాలకి ఒక కట్ట చొప్పున, చాకలి పద్దులో గీసినట్టు గీతలు గీసుకుంటూ పోయింది. మూడున్నరకి లేచి నా బల్ల మీద పెట్టిన కాగితం నా దగ్గర ఇంకా ఉంది, 118 గీతలు. పాప ఆ పాటికి ఒకసారి మూత్రం పోసి, నా స్టెతస్కోప్ గొట్టం నోట్లో పెట్టుకునే పనిలో ఉంది. సూది లేదు, సెలైన్ లేదు, యాంటీబయాటిక్ లేదు.

నాయనమ్మకి ఒక్కటే నచ్చలేదు, తల్లి పాలు ఆపకపోవడం. విరేచనాలప్పుడు పాలు పడవు అని వాళ్ల అమ్మ చెప్పిన మాట. తల్లి పాలు ఆపే పనే లేదు. పెద్ద పిల్లలకైతే మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ, ఏది తింటే అది పెట్టాలి, పేగు మాడితే ఆలస్యంగా కోలుకుంటుంది. జింక్ బిళ్ళ 20 మి.గ్రా. రోజుకొకటి, చెంచాడు పాలలో కరిగించి, 14 రోజులు. ఆరు నెలల లోపు పిల్లలకైతే సగం. మూడో రోజు మోషన్లు తగ్గగానే జింక్ మానేస్తారు అందరూ, నేను పద్నాలుగు గుంటల మీదా తారీఖులు రాసిస్తాను. రోటావైరస్ టీకా మూడు మోతాదులూ పడ్డాయి పాపకి. 2016లో ఈ టీకాని ప్రభుత్వ కార్యక్రమంలో మొదట పెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి, ఆరు, పది, పద్నాలుగు వారాల్లో చుక్కలు వేస్తారు. టీకా ఉన్నా వేరే క్రిములతో విరేచనాలు రావచ్చు, అది టీకా తప్పు కాదు.

ప్యాకెట్ కలపడంలోనూ ఒక తిరకాసు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, 200 మి.లీ.కి కలిపే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. పెద్దదాన్ని గ్లాసులో కలిపితే సముద్రం నీళ్లకి దగ్గరగా వచ్చేంత ఉప్పు, పిల్లల మెదడుకి ప్రమాదం. చిన్నదాన్ని లీటరులో కలిపితే ఉత్త నీళ్లు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో, లీటరు అయితే ఖాళీ బిస్లరీ బాటిల్ కొలతగా. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరకని రాత్రి అయితే లీటరు నీళ్లకి ఆరు తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో.

ఇప్పుడు నా తప్పు.

సోమవారం రాత్రి తొమ్మిదికి ఇంటికెళ్లే ముందు పెద్దాయన భార్యని పిలిచి, బీపీ మందు వెయ్యొద్దు, నొప్పి బిళ్ళ వెయ్యొద్దు అని చెప్పాను. షుగరు మందు సంగతి నోటితో చెప్పలేదు, షుగరు అంకెని బట్టి ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో కేస్ షీట్‌లో రాశాను కదా అనుకున్నాను. పదింటికి మంచం దగ్గర ఉండే వంతు కొడుకుది, తల్లి పాప దగ్గరికి వెళ్లింది, ఇతను సంచిలోంచి రాత్రి వెయ్యాల్సిన మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ తీసి తండ్రికి ఓఆర్‌ఎస్‌తోనే వేశాడు. ఎవరిని అడగాలి? నా చీటీలోనే ఉంది, రాత్రి భోజనానికి ముందు అని. ఆయన ఆ రోజు నాలుగు చెంచాల గంజి తప్ప ఏమీ తినలేదు. కిడ్నీ పనిచేయనప్పుడు గ్లిమెపిరైడ్ ప్రభావం ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి మూడింటికి ఒళ్లంతా చెమటలు, ఏదో గొణుగుడు, పోర్టులో పని చేసినప్పటి మేస్త్రీని పిలుస్తున్నారట. సిస్టర్ ముందు బీపీ పడిపోయిందనుకుని చూసింది, 110/70. అప్పుడు వేలు గుచ్చింది. షుగరు 46. 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మి.లీ. ఎక్కించి నాకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో తెలివిలోకి వచ్చారు, కానీ ఆ బిళ్ళ పని ఒక్క బాటిల్‌తో తీరదు, మర్నాడు మధ్యాహ్నం దాకా డెక్స్‌ట్రోస్ నడుపుతూ గంట గంటకీ గుచ్చుతూనే ఉన్నాం.

కొడుకు ముఖం పాలిపోయింది. తప్పు నీది కాదు, నాది అని అతనికి చెప్పాను, తల్లి ముందే చెప్పాను. రాత్రి ఆ సంచి వార్డులో వదిలిపెట్టకూడదు, తీసుకుని నా డ్రాయర్‌లో పెట్టాల్సింది.

ఇప్పుడు షుగరూ బీపీ ఉన్న ప్రతి పేషెంటు చీటీ వెనకా ఒక ముక్క చేత్తో రాసిస్తున్నాను. వాంతులు గానీ విరేచనాలు గానీ పట్టుకుని, తిండీ నీళ్లూ నిలవని రోజున బీపీకి వాడే ఈ ఈ బిళ్ళలు, నీరు పోయే బిళ్ళ, మెట్‌ఫార్మిన్, ఈ షుగరు బిళ్ళలు ఆపి నాకు ఫోన్ చెయ్యాలి; మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఒకటి రెండు రోజులకి మళ్లీ మొదలు. బిళ్ళల పేర్లు ఆ మనిషివే రాస్తాను, అందరికీ ఒకే అచ్చు కాగితం కాదు. గుండె జబ్బు వాళ్ల సంగతి వేరు, వాళ్లు సొంతంగా ఏదీ ఆపకుండా ముందు ఫోన్ చెయ్యాలి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు మొత్తంగా ఎప్పుడూ మానకూడదు, మోతాదు అడిగి మార్చుకోవాలి.

కల్చర్ రిపోర్టు గురువారం వచ్చింది. ఏమీ పెరగలేదు. తెల్లవారుజామున పడిన రెండు ఆఫ్లాక్సాసిన్ బిళ్ళలు జబ్బుని ఆపలేదు గానీ ల్యాబులో మొలవాల్సినదాన్ని ఆపి ఉండొచ్చు. కలరానా, పేగులో విషం వదిలే ఈ.కొలై రకమా, మరొకటా? నా అనుమానం మొదటి రెండింటి మీద. తేల్చి చెప్పే ఆధారం లేదు. డిశ్చార్జ్ చీటీలో "తీవ్రమైన నీళ్ల విరేచనాలు, కలరా అనుమానం" అని రాసి వార్డు ఆరోగ్య సిబ్బందికి సోమవారమే చెప్పాను, అనుమానం ఉన్నప్పుడే చెప్పాలి, రిపోర్టు దాకా ఆగకూడదు.

నీళ్ల సంగతి. వాళ్లది కొండవాలు కాలనీ, విశాఖ మెట్ల వీధులు చూసినవాళ్లకి తెలుస్తుంది, మెట్ల పక్కన కాలువ, కాలువలోంచే ఇంటింటికీ పోయే సన్నపైపులు. కొళాయి పొద్దున గంటసేపు వస్తుంది. నీళ్లు పారుతున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లున్నా నీళ్లు బయటికే కారతాయి. కొళాయి కట్టేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది, అప్పుడు ఆ చిల్లులోంచి కాలువ నీళ్లు లోపలికి వస్తాయి. మర్నాడు కొళాయి విప్పగానే వచ్చే మొదటి నీళ్లు అవే. ఆ వారం వాన బాగా కొట్టి కాలువ పొంగింది. ఈవిడ ఐదింటికే లేచి అందరికంటే ముందు బిందె పెడతారు, ఆ కష్టానికి ఫలితం మొదటి నీళ్లు. "రెండు మూడు రోజులు వాసనొచ్చింది బాబూ, నాచు వాసన అనుకున్నాం" అన్నారు. ఆ బిందెలోకి అందరూ గ్లాసు ముంచుతారు, గ్లాసుతో పాటు నాలుగు వేళ్లూ మునుగుతాయి. సిబ్బంది వచ్చి కొళాయి నీళ్లలో క్లోరిన్ పరీక్ష చేశారు, చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. మెట్ల కింద ఇంట్లో లేత పసుపు వచ్చింది, వీళ్లది చివరి ఇల్లు, గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. చిల్లు ఆ శనివారానికి పూడ్చారు. అప్పటిదాకా మొదటి రెండు బకెట్లు పారబోసి, తాగేవి తెర్లే దాకా కాచి, కాడ ఉన్న గరిటెతో తీసుకోమన్నాను. చేతులకి సబ్బే వాడమన్నాను, శానిటైజర్ నోరోవైరస్ లాంటివాటి మీద పెద్దగా పనిచేయదు.

ఇలాంటి రోగి మా లాంటి చిన్నచోట ఉండొచ్చా అని మీరు అడగవచ్చు. ఆరు గంటల్లో మూత్రం రాకపోయి ఉంటే కేజీహెచ్‌కి, అంటే విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రికి పంపడానికి అంబులెన్సు మాట్లాడే ఉంచాను, డయాలసిస్ అవసరం పడొచ్చని. ఇంట్లో ఉన్నవాళ్లు ఎప్పుడు కదలాలంటే, ఆరేడు గంటలు మూత్రం లేకపోతే, తాగింది తాగినట్టు కక్కేస్తుంటే, రక్తం పడితే, జ్వరం బాగా ఉంటే, మనిషి మగతగా ఉంటే, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే. అరవై దాటినవాళ్లూ, గర్భిణులూ, ఏడాది లోపు పిల్లలూ, కిడ్నీ గుండె జబ్బులవాళ్లూ అయితే ఇవేవీ రాకముందే.

నాలుగో రోజు క్రియాటినిన్ 1.3తో ఇంటికి పంపాం. మెట్‌ఫార్మిన్ వారం తర్వాత మొదలుపెట్టాను. రెండు వారాలకి వచ్చినప్పుడు 1.0, బీపీ 138/84. టెల్మిసార్టన్ ఒక్కటే తిరిగి ఇచ్చాను, నీరు పోయే మందు తీసేశాను, విశాఖ ఎండకీ ఉక్కకీ ఆయనకది అవసరం లేదనిపించింది. భార్య మందుల సంచిలో విరేచనాల రోజు ఆపాల్సిన స్ట్రిప్పులకి ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టి తెచ్చారు, ఆ ఆలోచన నాది కాదు, ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

పైపు చిల్లు కథంతా ఓపిగ్గా విన్నారు పెద్దాయన, తల కూడా ఊపారు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయినా బాబూ, ఆ రొయ్యలు ఫ్రెష్షువి కావండి" అన్నారు. కూతురింటికి ఇంకా వెళ్లలేదట.